పసుపు డబ్బాలో గాజులు

తెనాలి నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. నాలుగు పేజీల ఉత్తరం. అందులో మూడు పేజీలు అత్తగారి మీద ఫిర్యాదు. నాలుగో పేజీలో గాని అసలు ప్రశ్న రాలేదు. అత్తగారికి 74 ఏళ్లట. అడిగిందే అడుగుతారట. పొద్దున్నే కాఫీ తాగి, గంట తిరక్కముందే వీధి అరుగు మీద కూర్చుని, "ఈ ఇంట్లో నాకు గుక్కెడు కాఫీ పోసే దిక్కు లేదు" అని వచ్చేపోయే వాళ్లందరితోనూ చెబుతారట. "నలుగురిలో తలెత్తుకోలేకుండా ఉన్నాను. ఇది పెద్దతనమా, కావాలని చేస్తున్నదా? మానసిక వైద్యుడికి చూపించమని ఎవరో అన్నారు. ఆ మాట ఎత్తితే మా వారు మండిపడ్డారు. మా అమ్మకేమైనా పిచ్చా అన్నారు. మీరేమంటారు?" అని ఆ సోదరి అడుగుతున్నారు.

నేను కాలేజీలో తెలుగు చెప్పుకునేదాన్ని. సంధులూ సమాసాలూ అడిగితే తడుముకోకుండా చెప్పగలను గాని, వైద్యం నా విద్య కాదు. ఇటువంటి ఉత్తరాలు వస్తే, "డాక్టరుకు చూపించండి" అని ఒక్క ముక్క వ్రాసి ఊరుకోవడం నాకు అలవాటు. ఈసారి అలా వ్రాయడానికి చెయ్యి రాలేదు. ఆ మూడు పేజీల ఫిర్యాదూ ఏడేళ్ల కిందట నేను వ్రాసి ఉండవలసింది. అప్పట్లో ఎవరికీ వ్రాయలేదు, ఎవరినీ అడగలేదు. అందుకు బదులు మా ఇంట్లో ఒక నిరపరాధిని దొంగను చేశాము. ఆ సంగతి చెబితే గాని తక్కినది చెప్పలేను.

మా అత్తగారు చదివింది అయిదో తరగతి. కాని ఆవిడ నోటిలెక్కల ముందు మా వారి బి.కాం. దిగదుడుపే. ఏటా మా ఇంట్లో వంద కాయల ఆవకాయ పెట్టేవారు. కాయ ముక్క నాలిక మీద వేసుకుని పులుపు చూసి, ఈ ఏడు ఉప్పు ఎంత, కారం ఎంత, ఆవపిండి ఎంత అన్నది అక్కడికక్కడే తేల్చేసేవారు. కాగితం, కలం, తూకపు రాళ్లు ఏవీ అక్కర్లేదు. 2018 వేసవిలో కాయలు కొట్టించాము. ముక్కలు తుడిచి గుడ్డ మీద పరిచాము. ఆవిడ పీట వేసుకుని ముందు కూర్చున్నారు. నేను పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చేసరికి, అదే పీట మీద, అలాగే కూర్చుని ఉన్నారు. ఉప్పు ఉప్పుగానే ఉంది, కారం కారంగానే ఉంది.

"ఏమిటత్తయ్యగారూ, ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"నడుం నొప్పిగా ఉందమ్మాయ్. ఈ ఏడు నువ్వే కలుపు. ఎప్పటికి నేర్చుకుంటావూ?" అన్నారు.

నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. పెళ్లయిన ఇన్నేళ్లకు వంటింటి పెత్తనం చేతికి వచ్చిందనుకున్నాను. ఉప్పు ఎంత వెయ్యమంటారని అడిగితే, "ఆ మాత్రం తెలీదూ?" అని నవ్వారు. ఆ నవ్వులో ఉన్నది పరిహాసం కాదు, భయం. ఆ సంగతి తెలుసుకునేటంత తెలివి నాకు అప్పుడు లేదు.

తరవాత తరవాత ఒకటొకటే వచ్చాయి. పులుసులో రెండుసార్లు ఉప్పు. పాలవాడు పాలు పొయ్యలేదని గొడవ. ముప్ఫై ఏళ్లుగా నడిచిన గుడి దారిలో తప్పిపోయి, ఎవరో రిక్షా ఎక్కించి ఇంటికి చేర్చడం. దీనికంతకూ మేము పెట్టుకున్న పేరు 'చాదస్తం'. తెలుగులో ఈ మాట ఉండడం ఎంత హాయో, అంత చేటు కూడాను. ముసలివాళ్లు ఏం చేసినా ఆ ఒక్క మాటలో మూటకట్టి అటక ఎక్కించవచ్చు.

ఆ ఏడు దసరాకు ముందు ఆవిడ చేతి గాజులు కనిపించకుండా పోయాయి. పెళ్లినాటి గాజులు, నాలుగు. ఎక్కడ పెట్టారని అడిగితే, "నీళ్లు పోసుకుంటూ తీసి దాని చేతికిచ్చాను, మళ్లీ ఇవ్వలేదు" అన్నారు. 'అది' అంటే పన్నెండేళ్లుగా మా ఇంట్లో పనిచేస్తున్న మనిషి. ఆవిడ చెప్పడం ఎంత వివరంగా చెప్పారంటే, ఏ రోజు, ఏ వేళ, ఆ మనిషి ఏ చీర కట్టుకుందో కూడా చెప్పారు. ఇంత గుర్తున్న మనిషికి మతిమరుపని ఎవరైనా అనుకుంటారా? మేము పోలీసుల దాకా వెళ్లలేదు. మేము మర్యాదస్తులం కదా! "తీసి ఉంటే ఇచ్చెయ్యి, ఎవరికీ చెప్పం" అన్నాము. 'అన్నాము' అని వ్రాశాను గాని, అన్నది నేనే. ఆ మనిషి మారు మాట్లాడకుండా చీపురు గోడకు చేర్చి వెళ్లిపోయింది. ఆ నెల జీతానికి కూడా రాలేదు.

సంక్రాంతికి గడపలకు రాయడానికని అటక మీది పసుపు డబ్బా దింపాను. ఏడాదికి సరిపడా ఆడించి పెట్టుకునే పెద్ద డబ్బా. గరిటె గుచ్చితే ఏదో ఖంగుమంది. నాలుగు గాజులూ పసుపులో పూడ్చి ఉన్నాయి. వాటితో పాటు నా పెన్ను మూత కూడా ఒకటి.

మా అత్తగారి ముందు పెడితే, "నేనెందుకు పెడతానూ అక్కడ? అది భయపడి తెచ్చి పెట్టేసి ఉంటుంది" అన్నారు, కళ్లలోకి చూస్తూ. ఇంత వయసు వచ్చి ఇంత అబద్ధమాడతారా అని నాకు ఒళ్లు మండిపోయింది. అది అబద్ధం కాదని తెలియడానికి ఇంకో నెల పట్టింది.

మొదట వెళ్లిన డాక్టరు నాడి చూసి, "ఈ వయసులో ఇవి మామూలే" అని ఒక టానిక్కు వ్రాసి ఇచ్చారు. ఇది వింటే ఎవరికైనా ఎంతో ఊరటగా ఉంటుంది. మాకూ అలాగే ఉంది. మా కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే ఆవిడ మాత్రం, "మామూలే అని తేల్చడానికి కూడా పరీక్షలు చెయ్యాలండీ" అని ఒక మానసిక వైద్యురాలి పేరు చెప్పారు. ఇంట్లో ఆ మాట ఎత్తాను. తెనాలి సోదరి గారి ఇంట్లో జరిగినదే మా ఇంట్లోనూ జరిగింది. "మా అమ్మను ఎర్రగడ్డకు పంపిస్తావా?" అన్నారు మా వారు. మనవాళ్లకు మానసిక వైద్యం అనగానే ఎర్రగడ్డో, విశాఖపట్నమో జ్ఞాపకం వస్తుంది. అవి ఆసుపత్రులన్న సంగతి మరిచిపోయి, తిట్లుగా వాడుకుంటాము. చివరికి మా వారిని ఒప్పించింది నేను కాదు, ఆ పసుపు గాజులు. వాటిని ఆయనే స్వయంగా కడిగారు. కడుగుతూ, "రేపు పోదాం" అన్నారు.

మతిమరుపుకూ మానసిక వైద్యుడికీ ఏమిటి సంబంధం అని అడిగేవారికి ఒక పాత సంగతి చెప్పాలి. ఇప్పుడు లోకమంతా 'అల్జీమర్స్' అంటున్న జబ్బు పేరు ఒక మనిషి పేరు. అలోయిస్ అల్జీమర్ అనే ఆయన జర్మనీ దేశస్థుడు, మానసిక వైద్యుడు. 1901లో ఫ్రాంక్‌ఫర్టులోని మానసిక చికిత్సాలయానికి 51 ఏళ్ల స్త్రీని తీసుకువచ్చారు. ఆమె జబ్బు మొదట బయటపడింది మరపుగా కాదు, భర్త మీద అనుమానంగా! ఆ తరవాత మరపు వచ్చింది. ఇంట్లో వస్తువులు అటూ ఇటూ మోసి, ఎక్కడెక్కడో దాచేదట. ఇది చదివినప్పుడు నాకు మా పసుపు డబ్బా కళ్ల ముందు కదిలింది. ఆమె 1906లో చనిపోయింది. అల్జీమర్ ఆమె మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, కణాల మధ్య ఏవో గడ్డలూ, కణాల లోపల చిక్కుపడిన పోగులూ చూశాడు. ఆ ఏడే నవంబరులో వైద్యుల సభలో చెబితే ఎవరూ ఒక్క ప్రశ్నయినా వెయ్యలేదట. 1910లో క్రేపెలిన్ అనే మరో మానసిక వైద్యుడు తన పాఠ్యగ్రంథంలో ఆ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టాడు. అంచేత, ఈ జబ్బును మానసిక వైద్యుడికి చూపించడమంటే పరాయి గడప తొక్కడం కాదు, పుట్టింటికి తీసుకువెళ్లడమే. నరాల వైద్యులూ చూస్తారు, వృద్ధుల వైద్యం చదివినవారూ చూస్తారు. ఎవరికి చూపించినా మంచిదే గాని, ఎవరికో ఒకరికి చూపించాలి.

ఆ వైద్యురాలు మందుల చీటీ మీద కలం పెట్టకముందు గంటసేపు మాతో మాట్లాడారు. ముందు మా అత్తగారితో ఒంటరిగా, తరవాత మాతో విడిగా. ఎప్పుడు మొదలైంది, మెల్లమెల్లగా వచ్చిందా, హఠాత్తుగా వచ్చిందా అని అడిగారు. రెండు రోజుల్లోనో, రెండు గంటల్లోనో మనిషి అయోమయంలో పడిపోతే అది వేరే జబ్బట; జ్వరం, మూత్రంలో చీము, ఒంట్లో ఉప్పు తగ్గడం వంటి వాటివల్ల వస్తుందట. దానికి వారం ఆగకూడదు, ఆ పూటే ఆసుపత్రికి పరుగెత్తాలన్నారు.

"ఇంట్లో ఆవిడ వేసుకునే మాత్రలన్నీ ఒక సంచీలో వేసి తెచ్చారా?" అని అడిగారు. తేలేదు. మళ్లీ వెళ్లి తెచ్చాము. రక్తపు పోటు మాత్రలతో పాటు, రెండేళ్లుగా మందుల షాపులో అడిగి కొనుక్కుంటున్న నిద్ర మాత్రలూ, జలుబు మాత్రలూ బయటపడ్డాయి. ఈ రెండు రకాలూ ముసలి వయసులో మెదడును మబ్బు కమ్మినట్టు చేస్తాయట. వాటిని ఒక్కసారిగా కాకుండా మెల్లగా మాన్పించారు.

తరవాత ఒక పరీక్ష. దాన్ని అమెరికాలో 1975లో తయారు చేశారు. ముప్ఫై మార్కులకు. ఈ రోజు ఏ వారం, ఇది ఏ నెల, ఇప్పుడు చెప్పిన మూడు మాటలు కాసేపాగి మళ్లీ చెప్పండి, వందలోంచి ఏడు తీసెయ్యండి, ఇలా సాగుతుంది. చదువు తక్కువవాళ్లకు దాన్ని కాస్త మార్చి అడుగుతారు. మార్కులు వెయ్యడం నా వృత్తి, ఎందరినో తప్పించాను. మా అత్తగారికి పదిహేడు మార్కులు వస్తుంటే చూస్తూ కూర్చోవడం నా తరం కాలేదు. గడియారం బొమ్మ గీయమంటే, గుండ్రం చక్కగా గీసి, పన్నెండు అంకెలూ ఒక్క పక్కనే కుక్కేశారు. ఉదయం ఏం తిన్నారంటే చెప్పలేదు. "చిన్నప్పుడు నేర్చుకున్న పద్యం ఏదైనా చెప్పండమ్మా" అంటే మాత్రం, కాలు మీద కాలు వేసుకుని, అయిదు శతక పద్యాలు వరసగా, యతి స్థానంలో ఆగి మరీ చదివారు.

ఇదెలా సాధ్యం? మెదడులో సముద్రపు గుర్రం ఆకారంలో ఒక చిన్న భాగం ఉంది. ఇవాళ విన్నదీ కన్నదీ జ్ఞాపకంగా నిలవాలంటే దాని గుండా పోవాలి. ఈ జబ్బు ముందు దెబ్బ కొట్టేది దాన్నే. ఎన్నడో స్థిరపడిన పద్యాలూ పాటలూ వేరే చోట నాటుకుని ఉంటాయి గనక చాలాకాలం చెక్కుచెదరవు. కాఫీ తాగిన సంగతి ఆవిడ మరిచిపోలేదు. ఆ సంగతి అసలు మెదడులో నమోదే కాలేదు. నమోదు కాని చోట మెదడు ఊరుకోదట, ఏదో ఒక కథ అల్లి ఖాళీ పూరిస్తుంది. ఆ కథను చెప్పే మనిషి మనస్ఫూర్తిగా నమ్ముతుంది. ఆవపిండి ముందు కూర్చుండిపోవడం కూడా ఇందులో భాగమే. ఒక మెట్టు తరవాత ఒక మెట్టుగా చెయ్యవలసిన పనులు, ఎన్నేళ్లు చేసినవైనా, ముందుగానే చెదిరిపోతాయట.

రక్త పరీక్షలు చేయించారు: థైరాయిడ్, బి12 విటమిను, చక్కెర, ఇంకా కొన్ని. తలకు స్కాన్ తీయించారు. ఇదంతా దేనికంటే, మతిమరుపుల్లో కొన్ని కుదిరేవి ఉన్నాయి. మా లెక్కల మాష్టారి తండ్రిగారి సంగతే చూడండి. భార్య పోయిన ఏడాదికి ఆయన పేర్లు మరిచిపోవడం, మాట్లాడకపోవడం, తిండి మానెయ్యడం మొదలుపెట్టారు. ఇంటిల్లిపాదీ ఇక ఇంతే అనుకున్నారు. పరీక్ష చేస్తే బి12 బాగా తక్కువ. మాంసాహారం లేని ఇళ్లలో ఇది అరుదు కాదు. దాని మీద దిగులు జబ్బు. ముసలితనంలో దిగులు ఒక్కోసారి ఏడుపుగా కాక మరపుగా వస్తుంది. "జ్ఞాపకం ఉందా?" అని అడిగితే వెతకనైనా వెతక్కుండా "తెలీదు" అంటారు. ఇంజెక్షన్లూ మందులూ ఇచ్చారు, రోజూ సాయంత్రం మనవణ్ణి తోడిచ్చి నడిపించారు. ఆర్నెల్లలో ఆయన మళ్లీ పేపరు చదివి ప్రభుత్వాన్ని తిట్టే స్థితికి వచ్చారు. తలకు ఎప్పుడో తగిలిన దెబ్బకు లోపల నెత్తురు మెల్లగా చేరి మతి తప్పించడం కూడా ఉంటుంది. అది స్కానులో తెలుస్తుంది, శస్త్రచికిత్సతో బాగుపడవచ్చు. 'వయసు' అని ఊరుకున్న ఇళ్లలో ఇలా కుదరవలసినవాళ్లు ఎందరు కుదరకుండా పోయారో!

మా అత్తగారిది ఆ రకం కాదు. నిద్ర మాత్రలు మానాక కొంత తేరుకున్నారు గాని, అల్జీమర్ జబ్బేనని తేల్చారు. డొనెపెజిల్ అనే మందు వ్రాశారు. 1996 నుంచి వాడుకలో ఉన్న మందే. "ఇది జబ్బును కుదర్చదు. కొంతకాలం కాస్త నిలబెడితే నిలబెడుతుంది. అందరికీ పనిచెయ్యదు" అని ముందే చెప్పారావిడ. ఆ నిజాయితీకే ఆవిడ మీద నాకు గురి కుదిరింది. మెదడులో చేరిన గడ్డలను తొలగించే లెకనెమాబ్ అనే ఇంజెక్షన్‌ను 2023లో అమెరికా పూర్తిగా ఆమోదించింది. అదయినా తొలిదశలో ఉన్నవారికే, నడక మందగిస్తుందే గాని ఆగదు. మెదడు వాచే, నెత్తురు చిమ్మే ప్రమాదం ఉంది గనక మాటిమాటికీ స్కాన్లు తీస్తూ ఇవ్వాలి.

మందుకంటె మాకు ఎక్కువ ఉపయోగించింది ఆవిడ చెప్పిన మాటలు. "ఆవిడతో వాదించకండి. వాదనలో మీరే గెలుస్తారు, దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు" అన్నారు. గాజులు పోయాయంటే, "అయ్యో, పదండి వెతుకుదాం" అనాలట. అందుకని మేము రోల్డుగోల్డు గాజులు రెండు జతలు కొని ఉంచాము. తెనాలి సోదరి గారూ, మీ కాఫీ సమస్యకు మేము చేసినది చెబుతాను. "ఇందాకే తాగారు కదా" అనడం మానేశాను. రెండోసారి అడిగితే అరగ్లాసు, మూడోసారి పావుగ్లాసు, డికాక్షను పేరుకు మాత్రం. ఆవిడ తాగేది కాఫీ కాదు, ఎవరో పలకరించారన్న తృప్తి. వీధిలోవాళ్లకు జబ్బు సంగతి నేనే ముందుగా చెప్పేశాను. చెప్పిన రోజు సిగ్గనిపించింది. మర్నాటి నుంచి వాళ్లే ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని ఇల్లు చేర్చడం మొదలుపెట్టారు. ఇంటి చిరునామా ఆవిడ గొలుసుకు బిళ్లగా కట్టించాము. పింఛను సంతకాలూ, పొలం కాగితాలూ ఏం చెయ్యమంటారో ఆవిడకు ఇంకా తెలివి ఉండగానే ఆవిణ్ణే అడిగి చక్కబెట్టాము. రాత్రుళ్లు లేచి తిరుగుతున్నారని మత్తు మందులు మీకై మీరు కొని ఇవ్వకండి. మతి తప్పిన వృద్ధులకు కలవరం అణచడానికి వాడే కొన్ని మందులు ప్రాణాపాయాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ శాఖ 2005లోనే హెచ్చరించింది. అవి తప్పనిసరైనప్పుడు, కొద్ది మోతాదులో, కొద్దికాలం, డాక్టరు కనుసన్నల్లో ఇవ్వాల్సినవి.

ఇక, "రాకుండా ఏం చెయ్యాలి?" అని అడిగేవారు చాలామంది ఉంటారు. నేనూ అడిగాను, నలభై దాటినదాన్ని, కళ్లద్దాలు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నదాన్ని. "కళ్లద్దాలు ఎక్కడ పెట్టానో మరిచిపోవడం జబ్బు కాదు, అవి దేనికో మరిచిపోతే రండి" అన్నారు డాక్టరుగారు. మన దేశంలో 60 దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే 88 లక్షల మందికి ఈ తరహా జబ్బులున్నాయని 2023లో వెలువడిన ఒక అంచనా. లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణులు 2024లో పధ్నాలుగు కారణాలు చూపించి, అవన్నీ చక్కదిద్దగలిగితే లోకంలో నూటికి 45 వంతుల దాకా ఈ జబ్బును ఆపవచ్చో, వాయిదా వెయ్యవచ్చో అన్నారు. రక్తపు పోటు, చక్కెర, కొవ్వు, పొగ, తాగుడు, బద్ధకం, ఊబకాయం, తలకు దెబ్బలు, గాలిలో మురికి, ఇవి ఎలాగూ ఊహించగలం. చిన్నతనంలో చదువు లేకపోవడం కూడా వాటిలో ఒకటి. ఆడపిల్లకు అయిదో తరగతి చాలన్న ఆనాటి పెద్దలకు ఈ సంగతి ఎవరు చెప్పగలరు?

నన్ను ఆశ్చర్యపరిచినవి చెవీ, కన్నూ, ఒంటరితనమూ. వినపడని మనిషి మాటలు తగ్గించుకుంటాడు. మాటలు తగ్గితే మనుషులు తగ్గుతారు. మెదడుకు పని ఉండదు. మా అత్తగారికి కుడి చెవి పదేళ్లుగా సరిగ్గా వినపడదు. వినికిడి యంత్రం అంటే, "ముసలిదాన్ననుకుంటారు" అని ఆవిడ వద్దన్నారు, ఖర్చని మేమూ ఊరుకున్నాము. పళ్లజోడుకు లేని సిగ్గు చెవికి ఎందుకో! కంట్లో పొర వస్తే తీయించుకోవడం కూడా కంటి కోసమే కాదని ఇప్పుడు తెలుస్తోంది.

మన హైదరాబాదులో జరిగిన పని ఒకటి నాబోటి భాషా బోధకులు గర్వంగా చెప్పుకోదగ్గది. నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆవిడ సహచరులు మతి తప్పిన 648 మంది రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించారు. ఒకే భాష వచ్చినవారికంటె, రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా వచ్చిందట. బడి మొహం చూడనివారిలో కూడా ఈ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ మాట్లాడే నగరం గనక ఈ సంగతి అక్కడ తేలిందనుకుంటాను. క్షణక్షణం ఒక భాషను అణచి రెండోదాన్ని తీయడం మెదడుకు వ్యాయామం కావచ్చునంటారు. ఇది చదివి మా విద్యార్థి ఒకడు, "మరి అవధానాలు చేస్తే ఎప్పటికీ రాదాండీ?" అన్నాడు. ధారణ గొప్ప విద్యే గాని, పద్యాలు బట్టీ పడితే జబ్బు రాదని చెప్పలేము. మా అత్తగారికి పద్యాలు తక్కువా? మెదడుకు పని చెప్పడం, ఒంటికి వ్యాయామం, సరైన తిండి, రక్తపు పోటు వంటివాటి మీద ఒక కన్ను, ఇవి కలిస్తే మేలని మాత్రం ఫిన్లాండులో 60 దాటిన 1260 మంది మీద రెండేళ్లు చేసి 2015లో ప్రకటించిన ప్రయోగంలో కనిపించింది. జ్ఞాపకశక్తి మాత్రల ప్రకటనలు చూసి డబ్బు తగలెయ్యకండి. వాటిలో బాగా పేరుపడ్డ గింకో ఆకు మందును అమెరికాలో మూడువేల మందికి పైగా వృద్ధుల మీద ఏళ్ల తరబడి పరీక్షించి, ఈ జబ్బును ఆపలేదని 2008లో తేల్చారు. ఆ డబ్బుతో ఒక మంచి జత చెప్పులు కొనుక్కుని నడవండి.

ఉత్తరం వ్రాసిన సోదరి గారు డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక నోటుబుక్కులో, అత్తగారు ఏం మరిచిపోయారో, ఎప్పుడో, తారీఖులతో పది రోజులు వ్రాసుకోండి. అక్కడికి వెళ్లాక సగం మీరే మరిచిపోతారు. మాత్రల సంచీ కూడా తీసుకువెళ్లండి. మీ వారిని వెంట తీసుకువెళ్లండి. గడియారం బొమ్మ ఆయన కళ్లతో చూడాలి.

మా పనిమనిషి సంగతి ఇంకా చెప్పలేదు.

గాజులు దొరికిన మర్నాడే వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబెట్టి విన్నది. ఆగిపోయిన జీతం తీసుకున్నది, ఎక్కువ ఇచ్చినది తీసుకోలేదు. డాక్టరుగారు జబ్బు పేరు చెప్పాక మళ్లీ వెళ్లాను. ఇది పెద్దావిడ తప్పు కాదు, మెదడులో జబ్బు, ఆవిడకు తెలియకుండానే అలా అనిపిస్తుందని, నాకు అర్థమైనంతవరకు విడమరిచి చెప్పాను. పాఠం బాగానే చెప్పాననుకున్నాను. ఆ మనిషి అంతా విని, "పెద్దమ్మగారికి జబ్బు సరేనమ్మా. మీకు లేదు కదా" అన్నది.

మళ్లీ మా ఇంట్లో పనికి రాలేదు. రమ్మని అడగడానికి నాకూ నోరు రాలేదు. మా వీధిలోనే మరో రెండిళ్లలో చేస్తోంది. మా అత్తగారికి ఇప్పుడు 78. మా వారిని ఒక్కొక్క రోజు తమ్ముడంటారు, నన్ను టీచరమ్మ అంటారు. ఆ మనిషి పేరు మాత్రం మరిచిపోలేదు. సాయంత్రం అరుగు మీంచి చూసి, పేరు పెట్టి పిలిచి, "కాఫీ తాగి పోవే" అంటారు. అది ఆగుతుంది. నేను రెండు గ్లాసులు తెచ్చి ఇస్తాను. అరుగు మీద పక్కపక్కన కూర్చుని తాగుతారు. గ్లాసు కడిగి గట్టు మీద బోర్లించి వెళ్లిపోతుంది. గడప దాటి లోపలికి మాత్రం రాదు.